ఎనిమిదిసార్లు చాలవన్న స్కోరు సార్

ముందే చెబుతున్నాను, నాకు రాయటం అలవాటు లేదు. ఐదో తరగతితో ఆగిపోయాను. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ పడాలో ఇప్పటికీ అనుమానమే. మా అమ్మాయి హారికని సరిచెయ్యమందామంటే, దానికి తెలుగు చదవటం నాకన్నా తక్కువ వచ్చు. మన సంఘం పత్రికలో పెద్ద చదువులు చదివినవాళ్లు రాస్తారు. నా అక్షరాలు చూసి ఏమనుకుంటారోనని భయంగానే ఉంది. తప్పుగా రాస్తే ఏమీ అనుకోకండి. రాయకుండా మాత్రం ఉండలేను. మార్చిలో మా స్కోరు సార్ పోయారు. పోయాక ఆయన గురించి జనం చెప్పుకుంటున్న మాట ఒకటి నాకు మింగుడు పడటం లేదు.

ఆయన పేరు రాయటం లేదు, ఇంట్లోవాళ్లని అడగలేదు. ఇక్కడ అమెరికాలో, మా క్యారీ ఊళ్లో పిల్లల బేస్‌బాల్ చూడటానికి వచ్చేవాళ్లకి పేరు అక్కర్లేదు కూడా. నీలం మడతకుర్చీ, ఒళ్లో పొడుగాటి స్కోరు పుస్తకం, చెవి వెనక పెన్సిలు. రబ్బరు పోతుందని దాన్ని దారంతో చొక్కా గుండీకి కట్టుకునేవారు. గాలి వేస్తే అది గడియారం లోలకంలా ఊగేది. పదకొండు కాగానే స్టీలు డబ్బా తీసి పెరుగన్నం, ఉప్పు చల్లిన దోసకాయ ముక్కలు తినేవారు. ఆట ఎంత మంచి పట్టులో ఉన్నా సరే, పదకొండంటే పదకొండే. ఎడమచేత్తో తింటూ కుడిచేత్తో రాస్తారని ఎవరో ఎగతాళి చేస్తే, "రాసే చెయ్యికి అన్నం అంటితె పుస్తకం ఖరాబైతది" అన్నారు.

పిల్లలు బాగా కొట్టినప్పుడు అందరం లేచి అరుస్తాం కదా. సార్ లేచేవారు కాదు. ముందు రాసుకునేవారు. రాయటం అయ్యాక పెన్సిలు చెవి వెనక పెట్టుకుని అప్పుడు మూడుసార్లు చప్పట్లు కొట్టేవారు. అప్పటికి మేమంతా కూర్చునేవాళ్లం. అందరూ ఊరుకున్నాక ఒక్క మనిషి చప్పట్లు వినపడేవి.

మా హారిక ఆడే టీమ్‌లో ఆయన పిల్లలెవరూ లేరు. ఆయన పిల్లలు ఎప్పుడో పెద్దవాళ్లయిపోయారు. మందుల కంపెనీలో ఉద్యోగం. కొత్త మందు నిజంగా పని చేస్తుందా, లేక రోగి తనంతట తానే బాగుపడ్డాడా అని లెక్కగట్టే పని. వారమంతా ఆ లెక్క చేసి, శనివారం ఈ లెక్కకి వచ్చేవారు.

మా ఆయన ఇక్కడ హోటల్లో వంటమాస్టరు. నేనూ అదే హోటల్లో దోసెల పెనం దగ్గర నిలబడతాను. శనివారం పొద్దున ఆట చూసుకుని మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లేదాన్ని. మా హారికకి అప్పుడు పన్నెండేళ్లు. మగపిల్లల టీమ్‌లో ఒక్కతే ఆడపిల్ల. నాకు ఆట తెలియదు, ఇంగ్లీషు రాదు. తోటి తల్లుల మధ్య కూర్చుంటే నవ్వాల్సిన చోట నవ్వటానికే అలిసిపోయేదాన్ని. అందుకని పోయి సార్ కుర్చీ పక్కన గడ్డిలో కూర్చున్నాను.

"ఏం చెల్లె, మనమ్మాయి ఎవరు?" అన్నారు.

"అదిగో సార్, జడేసుకున్న పిల్ల. బాగా ఆడుద్దంటారా?"

"తెల్వది."

"ఇందాకట్నించి చూస్తున్నారుగా."

"మూడుసార్లు చూసిన. మూడుసార్లకు ఏం తెలుస్తది."

చదువుకున్న మనిషి తెలియదనే మాట అంత సంతోషంగా అనటం నేను అంతకుముందు వినలేదు. మనవాళ్లని ఏదైనా అడిగి చూడండి. వీసా అడగండి, షేర్లు అడగండి, మోకాలి నొప్పి అడగండి. తెలియదనరు. నేను మాత్రం ఆ మాట రోజుకి పదిసార్లు అనేదాన్ని, అన్నప్పుడల్లా తల దించుకునేదాన్ని. ఆయన తల ఎత్తి అనేవారు.

సార్‌కి షుగరు. మాటిమాటికీ బాత్రూముకి వెళ్లాలి. మొదట్లో ఆట ఆగేదాకా ఉగ్గబట్టుకునేవారు. తర్వాత నాకు రాయటం నేర్పారు. బ్యాటింగ్‌కి వచ్చిన ప్రతిసారీ ఒక్కో గడి. బంతి అందక అవుటైతే కె అక్షరం. బ్యాట్ ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే అదే కె, కానీ తిరగేసి రాయాలి. సొంతంగా కొట్టి మొదటి బేస్ చేరితే ఒకటి, పక్కన బి. అవతలివాడి చేతిలోంచి బంతి జారిపోవటం వల్ల చేరితే ఇంగ్లీషు 'ఈ' అక్షరం, పక్కన జారవిడిచిన వాడి నంబరు. రెండు శనివారాల్లో వచ్చేసింది. "పట్టుకో చెల్లె, పోయొస్త" అని పెన్సిలు నా చేతిలో పెట్టి వెళ్లేవారు. ఆ అయిదు నిమిషాలూ భయమేసేది, కానీ గొప్పగా కూడా ఉండేది.

ఇక ట్యాబ్ ఆయన సంగతి చెప్పాలి. మా టీమ్ మేనేజరు. తెలుగాయనే, సాఫ్ట్‌వేరు. కొడుకు టీమ్‌లో ఉన్నాడు. చెడ్డవాడు కాదు, పిల్లలకి నీళ్లూ నిమ్మరసమూ ఎప్పుడూ అతనే తెచ్చేవాడు. కానీ చేతిలో ఎప్పుడూ ట్యాబ్. సార్ పుస్తకంలోవి ప్రతి శనివారం ఆ ట్యాబ్‌లోకి ఎక్కించేవాడు. అందులో క్లచ్ అని ఒక వరస ఉండేది. క్లచ్ అంటే ఏమిటో నాకు అతనే చెప్పాడు. మన క్రికెట్‌లో ఆఖరి ఓవర్ అనుకోండి. బేస్‌ల మీద మన పిల్లలు ఎదురుచూస్తున్నారు, ఆట చివరికొచ్చింది, ఇప్పుడు కొడితే గెలుస్తాం. అప్పుడు కొట్టగలిగే పిల్లని క్లచ్ అంటారు. కొట్టలేని పిల్లని చోక్ అంటారు.

"అక్కా, ఏమనుకోకు. హారిక అలాంటి టైంలో ఎనిమిదిసార్లు బ్యాటింగ్‌కి వచ్చింది. ఒక్కసారే కొట్టింది. లిస్ట్‌లో లాస్ట్" అన్నాడు.

"చిన్నపిల్ల కదా తమ్ముడూ."

"అందరూ చిన్నపిల్లలే కదక్కా. ప్రెషర్ కొందరికి పడదు. డేటా డేటానే."

నేను సార్ వైపు చూశాను. సార్ పెన్సిలు చెక్కుకుంటున్నారు. తల ఎత్తకుండానే అన్నారు: "ఎనిమిదిసార్లకు మనిషికి పేరు పెడ్తవా?"

"అంకుల్, మీరు స్టాటిస్టిక్స్ మనిషి. మీరే నంబర్స్ వద్దంటే ఎలా?"

"నంబర్లు వద్దంటలేను. ఎనిమిది వద్దంటున్న."

"అంటే క్లచ్ అనేది లేదంటారా?"

"ఉందో లేదో తెల్వది. ఉన్నా గింత ఉంటది" అని పెన్సిలు మొన చూపించారు. "గది కనబడాల్నంటె ఒక్కడే వెయ్యిసార్లు, రెండువేలసార్లు ఆడాలె. అన్నిసార్లు ఆడేసరికి నీ కొడుకు ముసలోడైతడు. అప్పుడు లెక్కజేసి చెప్త, వాడు పన్నెండేండ్లప్పుడు ధైర్యస్థుడని."

ట్యాబ్ ఆయన నవ్వాడు గానీ వినలేదు. రెండు వారాల్లో టోర్నమెంటు. పన్నెండుమంది పిల్లల్లో తొమ్మిదిమందికే బ్యాటింగ్. కోచ్ తెల్లాయన, ఆ వరస చూసి తొమ్మిదిమందిని తీసుకుంటానన్నాడు. అంటే మా పిల్ల బెంచీ మీదే. రాత్రి బ్యాట్ పక్కలో పెట్టుకుని పడుకునే పిల్ల, ఆ వారం బ్యాట్ కారు డిక్కీలోనే వదిలేసింది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. టోర్నమెంటుకి ముందు ఆఖరి శనివారం. ఆట చివర, బేస్‌ల మీద ఇద్దరు. హారిక వచ్చింది. సరిగ్గా అప్పుడే సార్ బాత్రూముకి వెళ్లారు. పెన్సిలు నా చేతిలో. అది కొట్టింది. బంతి నేరుగా షార్ట్‌స్టాప్, అదే రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడే పిల్లాడి చేతిలోకి పోయింది, వాడి గ్లోవ్‌లోంచి జారింది. మా పిల్ల బేస్ చేరింది. రూలు ప్రకారం అది 'ఈ'. ఆరో నంబరు వాడి పొరపాటు. నాకు బాగా తెలుసు. నేను ఒకటి, పక్కన బి అని రాశాను.

ట్యాబ్ ఆయన పుస్తకంలోకి తొంగిచూసి, "అరె, తొమ్మిదిలో రెండు. పైకొచ్చింది అక్కా" అన్నాడు.

సార్ చేతులు తుడుచుకుంటూ వచ్చారు. గడి చూశారు. నా మొహం చూశారు.

"బంతి షార్ట్‌స్టాప్ చేతిల పడ్డదా?"

"చూడలేదు సార్."

"చెల్లె."

"పడింది. జారిపోయింది."

గుండీకి వేలాడే రబ్బరు పట్టుకున్నారు.

"వద్దు సార్. ఎవరూ చూడలా. నా పిల్లని బెంచీ మీద కూర్చోబెడతారండీ."

"ఏ లెక్కతోని?"

"ఆ ట్యాబ్ లెక్కతోనే."

"గా లెక్కే తప్పు. నువ్వు దాంట్ల ఇంకో తప్పు కలుపుతున్నవ్."

చెరిపేశారు. పొట్టు ఊదేసి 'ఈ', ఆరు రాశారు. తొమ్మిదిలో ఒకటి. ఆ క్షణంలో ఆయన్ని చూస్తే నాకు ఒళ్లు మండింది. నీకేం పోయిందయ్యా, నీ పిల్ల కాదు కదా అనుకున్నాను.

ఆట అయ్యాక ఆయన ఇంటికి పోలేదు. కోచ్ దగ్గరికి నడిచారు. పిల్లలందర్నీ వరసలో నిలబెట్టమన్నారు. జేబులోంచి క్వార్టర్ కాయిన్, అదే పావు డాలరు బిళ్ల తీసి మొదటి పిల్లాడికిచ్చి తొమ్మిదిసార్లు ఎగరెయ్యమన్నారు. బొమ్మ పడితే కొట్టినట్టు, బొరుసు పడితే అవుటు. పన్నెండుమందీ ఎగరేశారు. ఆయన గడ్డిలో చతికిలబడి ప్రతిదీ పుస్తకంలో రాశారు. పిల్లలకి భలే సరదా అయిపోయింది, అరుపులు, కేకలు. మా టీమ్‌లో ఒక పిల్లాడు ఉండేవాడు, ఎప్పుడూ పొద్దుతిరుగుడు గింజలు నములుతూ ఆటే చూడడు. వాడికి తొమ్మిదిలో ఏడు బొమ్మలు పడ్డాయి. ట్యాబ్ ఆయన కొడుక్కి రెండు. మా దానికి అయిదు.

సార్ కోచ్‌ని ఇంగ్లీషులో అడిగారు. హారిక తర్వాత నాకు చెప్పింది. "ఈ గింజల పిల్లాడి చేతిలో కాయిన్‌కి గుండెధైర్యం ఎక్కువ. వీడిని అందరికన్నా బాగా కొట్టేవాడి చోట, నాలుగో స్థానంలో పంపుదామా? ఆ రెండు బొమ్మల పిల్లాడి చేతిలో అదే కాయిన్ భయపడింది. వాణ్ని బెంచీ మీద కూర్చోబెడదామా?"

కోచ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "మరి దేన్ని చూసి తీసుకోమంటావు?" అన్నాడు.

"సీజన్ మొత్తం చూడు. ఒక్కొక్కరు వందసార్లకి దగ్గర దగ్గర బ్యాటింగ్ చేశారు. అదీ పూర్తిగా చెప్పదు, కానీ కొంత చెబుతుంది. ఆ క్లచ్ వరస చూసే తీసుకుంటానంటే మాత్రం ఈ పుస్తకం మీరే రాసుకోండి" అని పుస్తకం మూసి అతని చేతిలో పెట్టారు. బాత్రూముకి వెళ్లే ఆ అయిదు నిమిషాలు నాకు తప్ప, ఎనిమిదేళ్లుగా ఎవరికీ ఇవ్వని పుస్తకం.

కోచ్ సరేనని దాన్ని తిరిగి ఇచ్చేశాడు. సీజన్ మొత్తం చూస్తే మా పిల్ల ఎనిమిదోది. తొమ్మిదిమందిలో ఉంది.

టోర్నమెంటులో మొదటి రోజు అలాంటి సమయంలోనే వచ్చి, బ్యాట్ ఊపకుండా నిలబడి అవుటైంది. తిరగేసిన కె. నేనే రాశాను, సరిగానే రాశాను. రెండో రోజు, ఆట ఆఖర్లో, బంతిని ఫెన్సుదాకా కొట్టింది. బేస్‌ల మీదున్న ఇద్దరూ చుట్టు పూర్తి చేశారు, రెండు పరుగులు. గెలిచాం. నేను ఏడుస్తూ గడ్డి మీద కూలబడ్డాను. ట్యాబ్ ఆయన పరుగెత్తుకొచ్చి, "అక్కా, సారీ. నేనే రాంగ్. మీ పాప క్లచ్" అన్నాడు.

నేను సార్ వైపు తిరిగాను. "విన్నారా సార్? నా బిడ్డకి ధైర్యం ఉందని ఇప్పుడన్నా ఒప్పుకుంటారా?"

సార్ రాసుకోవటం ముగించి, మూడు చప్పట్లు కొట్టి, అన్నారు: "మంచిగ కొట్టింది. ధైర్యం సంగతి తెల్వది. ఇది గూడ ఒక్కసారే."

ట్యాబ్ ఆయన వైపు వేలు చూపించి, "నిన్న లేదంటివి, ఇయ్యాల ఉందంటివి. రెండూ తప్పే" అన్నారు.

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఒక్కరోజు, ఒక్క మంచిమాట, అది కూడా ఇవ్వలేని మనిషి. రెండు శనివారాలు ఆయన పక్కన కూర్చోలేదు. నవ్వాల్సిన చోట నవ్వుతూ తల్లుల మధ్యే కూర్చున్నాను.

మూడో వారం ఆయనే హోటలుకి వచ్చారు. జనం లేని వేళ. కౌంటర్ దగ్గర నిలబడి, "పెసరట్టు, నూనె తక్కువ" అన్నారు. వేసి, ప్లేటు ఠక్కున ముందు పెట్టాను.

"కోపమొచ్చింది నీకు."

"రాదా సార్? మీకేం తెలుసు మా సంగతి."

"తెల్వది. చెప్పు."

ఎందుకు చెప్పానో, పెనం తుడుస్తూ చెప్పేశాను. మాది గుంటూరు వైపు. ఐదో తరగతి పెద్దపరీక్ష రోజు నాకు జ్వరం. కాయితం మీద పేరు రాసి అట్లాగే కూర్చుండిపోయాను. మేష్టారు ఇంటికొచ్చి మా నాన్నతో అన్నాడు, ఈ పిల్లకి పరీక్షంటే బెదురు, చదువు అంటదు అని. మూడోనాటి నుంచి మిరపకోతకి పోయాను. ముప్పై ఏళ్లు నేనూ అదే అనుకున్నాను, నాకు చదువు అంటదని.

సార్ తినటం ఆపేశారు. "ఎన్ని పరీక్షలు తప్పినవ్?"

"ఒకటే."

"అంతకుముందు?"

"అన్నీ పాసే."

"ఒక్కదానితోని ఎట్ల చెప్తడు?" గొంతు పెద్దదైంది. వెనక కూరలు తరిగే అతను తొంగిచూశాడు. "ఎట్ల చెప్తడు చెల్లె? ఎవడిచ్చిండు వానికా హక్కు?" ప్లేటు పక్కకి నెట్టారు. మా పిల్ల కోసం కోచ్‌తో మాట్లాడినప్పుడు కూడా నవ్వుతూనే మాట్లాడిన మనిషి. ఆయనకి కోపం రావటం ఆ రోజే చూశాను. పెసరట్టు చల్లారిపోయింది. ఇంకోటి వేస్తానన్నా వద్దన్నారు.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "నీ బిడ్డను క్లచ్ అని ఇయ్యాల ఒప్పుకుంటె, రేపు చోక్ అంటె గూడ ఒప్పుకోవాలె. నేను రెండిట్లకూ ఒప్పుకోను" అన్నారు.

శనివారం మళ్లీ ఆయన పక్కన గడ్డిలో కూర్చున్నాను. పెన్సిలు నా చేతికిచ్చి బాత్రూముకి వెళ్లారు.

అది జరిగి అయిదేళ్లు. మార్చిలో ఆయన పోయారు. ఏప్రిల్‌లో మొదటి ఆటకి ముందు గ్రౌండ్‌లోనే చిన్న సభ పెట్టారు. నీలం కుర్చీ ఖాళీగా వేసి పుస్తకం దాని మీద పెట్టారు. ట్యాబ్ ఆయన మైకు పట్టుకున్నాడు. మంచిగానే మొదలుపెట్టాడు. తర్వాత అన్నాడు: "ఏ పిల్లవాడు ప్రెషర్‌లో నిలబడతాడో అంకుల్ లెక్కకి ముందే తెలుసు. హారికలో క్లచ్‌ని మనందరికన్నా ముందు చూసింది ఆయనే."

అందరూ చప్పట్లు కొట్టారు. హారిక నా వైపు చూసింది. దానికిప్పుడు పదిహేడు.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో కాళ్లకే తెలియదు. రెండొందలమంది ఉంటారు.

"తమ్ముడూ, ఆయన అట్టా అనలా."

ట్యాబ్ ఆయన, "మరేమన్నారు అక్కా?" అన్నాడు.

"తెలియదన్నారు. ప్రతి శనివారం అదే అన్నారు. ఎనిమిదిసార్లు చూసి నా పిల్ల పనికిరాదని మీరంటే ఒప్పుకోలా. ఒకసారి కొడితే గొప్పదని నేనంటే ఒప్పుకోలా. ఆయన పోయాడు కదా అని ఆయన అనని మాట ఆయన నోట్లో పెట్టమాకండి."

హారిక లేచి నా మాటలు ఇంగ్లీషులో చెప్పింది. మధ్యలో ఏదో కలిపిందేమో, తెల్ల తల్లులు కూడా తలలూపారు. కోచ్ టోపీ తీశాడు.

ముందు వరసలో సార్ వాళ్ల మేడమ్ కూర్చుని ఉన్నారు. ఆవిడ నల్లకళ్లద్దాలు తీసి నా వైపు తిరిగారు. తిడతారేమో అనుకున్నాను. ఆవిడకి నవ్వొస్తోంది.

"నిజమే" అన్నారు. "పెండ్లిచూపులల్ల పిల్ల నచ్చిందా అని మా నాయిన అడిగితె, ఒక్కసారి చూస్తె ఏం తెలుస్తది అన్నడు. మా నాయిన కర్ర తీసుకున్నడు."

సభ అంతా నవ్వింది. ట్యాబ్ ఆయన కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, "అక్కా, ఈ సీజన్ పుస్తకం నువ్వు రాస్తావా?" అన్నాడు. రాస్తానన్నాను. క్లచ్ అనే వరసకి నా పుస్తకంలోంచి ఏమీ తీసుకోవద్దన్నాను. సరేనన్నాడు. తీసుకుంటాడో లేదో చూడాలి.

ఇంతకన్నా రాయటం నాకు చేతకాదు. ఇందులో తప్పులు చాలా ఉండి ఉంటాయి, పెద్దమనసుతో క్షమించి చదువుకోండి. కానీ నా జీవితంలో నేను రాసింది ఇది ఒక్కటే. ఒక్కటి చూసి నాకు రాయటం రాదని మాత్రం అనకండి.